ఉంగరపు వేలు

వేలు చూపించుకుందామని వెళ్తే, ఫిజియో మేడమ్ నా చెయ్యి పట్టుకోకముందే అడిగింది: "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నారో చెప్పండి." కోపమొచ్చింది. పంటి నొప్పని పోతే చెప్పుల సైజు అడిగినట్టుంది. అయినా చెప్పాను. పొద్దున పాలు లేని కాఫీ. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో కీరా ముక్కలు, ఒక పుల్కా, కాస్త పప్పు. సాయంత్రం ప్రాక్టీసుకి ముందు ఏమీ లేదు. రాత్రి గిన్నెడు పెరుగు, అందులో దానిమ్మ గింజలు. ఆవిడ రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపి, "తర్వాత?" అంది. తర్వాత ఇంకేం లేదు.

అప్పటికి బండరాయి ఎక్కుతూ నా ఎడమచేతి ఉంగరపు వేలి లోపలి పట్టీ చిరిగి పదిహేడు రోజులు.

మాది భువనగిరి. ఊళ్లో ఎటునుంచి తలెత్తినా ఆ ఏకశిల గుట్టే కనిపిస్తుంది. చిన్నప్పుడు స్కూలు పిక్నిక్కి మెట్ల మీదుగా ఎక్కడమే తప్ప రాయి పట్టుకుని ఎక్కాలని నాకెప్పుడూ అనిపించలేదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కినప్పుడు, ఆ పిల్ల ట్రైనింగ్ తీసుకున్నది మా గుట్ట మీదేనని ఊరంతా చెప్పుకుంటే, నేనేదో ఎక్కినట్టు కాలేజీలో గొప్పలు పోయాను. నిజంగా రాయి మీద చెయ్యి వేసింది ఇరవై ఏడో ఏట, గచ్చిబౌలిలో ఉద్యోగానికొచ్చాక. ఆఫీసు స్నేహితురాలు ఒకామె ఇండోర్ వాల్‌కి, అంటే పట్టులు బిగించిన ప్రాక్టీసు గోడ దగ్గరికి తీసుకెళ్లింది. రెండు గంటల తర్వాత స్కూటీ బ్రేకు నొక్కడానికి వేళ్లు ముడుచుకోలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాను.

మేం చేసేది బౌల్డరింగ్. తాడుండదు. పది పన్నెండు అడుగుల బండ, కింద క్రాష్ ప్యాడ్ అనే మందపాటి పరుపు, పడితే నడుము, తల ప్యాడ్ మీదికి మళ్లించడానికి చేతులు చాచి నిలబడే ఇద్దరు స్నేహితులు. హైదరాబాద్ చుట్టుపక్కల దీనికి కొదవ లేదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, గరుకైన రాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట చల్లగా, చేతికి అంటుకున్నట్టు ఉంటుంది. మార్చి దాటితే చెమటకి జారిపోతుంది, చేతులు జారకుండా పూసుకునే చాక్ పొడి ఎంత పూసినా అంతే. ఒక్కో దారిని ప్రాబ్లెమ్ అంటాం. కష్టాన్ని బట్టి వి0, వి1 అంటూ నంబర్లుంటాయి. నేను రెండేళ్లు వి4 దగ్గర ఆగిపోయాను.

అక్కడే మొదలైంది పిచ్చి. వాల్‌లో నాకంటే బాగా ఎక్కే అమ్మాయిలంతా నాకంటే సన్నగా కనిపించారు. "రెండు కిలోలు తగ్గు, ఒక గ్రేడ్ పెరుగుతుంది" అని ఒకరన్నారు. తూకం కాగితం మీద సబబుగానే ఉంది కదా, మోయాల్సిన బరువు తగ్గితే ఎక్కడం తేలిక. అయిదు నెలల్లో 56 కిలోల నుంచి 49కి వచ్చాను. మొదటి రెండు నెలలు నిజంగానే పనిచేసింది. వి5 ఒకటి ఎక్కాను. మోసం జరిగింది అక్కడే. మొదట్లోనే చేతకాకుండా పోయుంటే మానేసేదాన్ని.

దానికి తోడు వంటింటి గుమ్మం పైన హ్యాంగ్‌బోర్డు బిగించాను. వేళ్ల చివర్లతో వేలాడడానికి సన్నటి అంచులున్న చెక్క అది. వారానికి రెండుసార్లు, మధ్యలో రెండు రోజుల విరామంతో చేయాల్సిన పని. నేను రోజూ చేశాను. టీ మరిగేలోపు నాలుగు వేలాటలు, బియ్యం ఉడికేలోపు నాలుగు. ఆపైన వారానికి అయిదు రోజులు ఎక్కడం. మోచేతి లోపలి వైపు నొప్పి మొదలైతే "కండ పెరుగుతోంది" అనుకున్నాను.

వేళ్లలో కండరాలుండవన్న సంగతి నాకు ముప్ఫై ఏళ్లకి తెలిసింది. వేలు మడిచే కండ ముంజేతిలో ఉంటుంది, అక్కణ్నుంచి టెండన్లనే తాళ్లు వేలి కొస దాకా వస్తాయి. లంగాకి బొందు దూర్చే నేఫా ఉంటుంది చూడండి, అలా ఆ తాడుని ఎముకకి అంటిపెట్టుకుని ఉండేలా వేలి పొడవునా చిన్న చిన్న పట్టీలుంటాయి. వాటిని పుల్లీలంటారు. ప్రతి వేలికీ ఏ1 నుంచి ఏ5 దాకా అయిదు. అరచేతికీ మధ్య కణుపుకీ నడుమ ఉండే ఏ2 అన్నిటికంటే ముఖ్యమైనది, మాలాంటివాళ్లకి ఎక్కువగా తెగేదీ అదే, అందులోనూ ఉంగరపు వేలిది. కారణం క్రింప్. గోరు మందం అంచు దొరికితే వేళ్లని మధ్య కణుపు దగ్గర బాగా మడిచి, కొస కణుపుని వెనక్కి విరిచి, పైన బొటనవేలితో తాళం వేస్తాం. పట్టు ఉక్కులా ఉంటుంది. కానీ వేళ్లు చాచి పట్టుకున్నప్పటి కంటే ఏ2 మీద పడే భారం చాలా రెట్లు ఎక్కువ. ముంజేతి కండ కొన్ని వారాల్లో బలపడుతుంది. ఈ పట్టీలకీ టెండన్లకీ నెలలు, ఏళ్లు కావాలి. నా కండలు వి5 ఎక్కేశాయి, పట్టీలు ఇంకా వి3 దగ్గరే ఉన్నాయి.

డిసెంబర్‌లో ఒక ఆదివారం. ఊరి బయట ఒక బండ దగ్గరికి చీకటుండగానే చేరాం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అందరూ తేలికవాటి మీద చేతులు వేడి చేసుకుంటుంటే నేను నేరుగా నా ప్రాజెక్టు, అంటే ఎక్కాలని పట్టుబట్టి ప్రయత్నిస్తున్న ప్రాబ్లెమ్ కిందికి పోయాను. ఎండ పడితే రాయి పాడవుతుందని తొందర. కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు. మూడో కదలికలో ఎడమచేతికి ఒక పలుకు దొరుకుతుంది, పల్లీ గింజ సగం చీలిస్తే ఎంతుంటుందో అంత. దాన్ని క్రింప్ చేసి కుడికాలు పైకి తీస్తుంటే ఎడమకాలు జారింది. ఒంటి బరువంతా ఒక్కసారిగా ఆ వేళ్ల మీదికొచ్చింది. పచ్చి గోరుచిక్కుడు తుంచితే వచ్చే చప్పుడు. కింద నిలబడ్డవాళ్లకీ వినిపించింది. "రాయి విరిగిందా?" అని అడిగారు.

మొదట నొప్పి లేదు. చేతిలోంచి పట్టు మాత్రం పోయింది. అరగంటకల్లా వేలి మొదలు వాచింది, నొక్కితే ప్రాణం లేచొచ్చింది.

పేరున్న ఆసుపత్రిలో ఎముకల డాక్టర్ని కలిశాను. ఎక్స్‌రే తీయించి, "ఎముక బాగానే ఉంది" అన్నాడు. ఎక్స్‌రే దండగని నేననను, విరగలేదని తేల్చుకోవాలి కదా. కానీ ఎక్స్‌రేలో పుల్లీ కనపడదు. చప్పుడు సంగతి చెప్పబోతే, "ఆడపిల్లవి, నీకీ రాళ్లెక్కడం ఏంటమ్మా" అని నవ్వి, అయిదు రోజులకి నొప్పి మాత్రలు, క్రేప్ బ్యాండేజీ రాసి పంపించాడు. మాత్రలు వేసుకుంటే నొప్పి తగ్గింది. తగ్గింది కదాని పదో రోజు గుమ్మానికి వేలాడి చూశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

వాల్‌లో ఒక సీనియర్ నన్ను తిట్టి చేతుల స్పెషలిస్టు దగ్గరికి పంపాడు. ఆయన అల్ట్రాసౌండ్ చేశాడు. వేలి మొదట్లో జెల్ పూసి, వేలికొసతో తన వేలిని గట్టిగా నొక్కమన్నాడు. తెర మీద టెండన్ ఎముక నుంచి విల్లు నారిలా కొద్దిగా లేచి కనిపించింది. ఆ ఎడం కొలిచాడు: 1.7 మిల్లీమీటర్లు. రెండు దాటితే పట్టీ పూర్తిగా తెగిందన్నట్టే, మీది సగం చిరిగింది, ఆపరేషన్ అక్కర్లేదు, ఓపిక కావాలన్నాడు. ఫిజియో దగ్గరికి పంపింది ఆయనే.

ఆ మేడమ్ వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ ముక్కని నా వేలి చుట్టూ ఒత్తి రింగు చేసింది. టెండన్‌ని ఎముక వైపు అదిమి పట్టాలి, పక్కలనుండే నరాలూ రక్తనాళాలూ నలగకూడదు, అందుకని రెండు పక్కలా కాస్త వదులు. ఆరు వారాలు పెట్టుకోమంది. ఎడమచేతి ఉంగరపు వేలికి తెల్లటి రింగు! ఆ నెలలో మా పిన్ని కూతురు పెళ్లి. "ఎవరబ్బాయి? మాకు చెప్పకుండా ఎప్పుడు మార్చుకున్నారు?" అని ముగ్గురు అత్తయ్యలు వరసగా అడిగారు. నాలుగో ఆవిడకి "అవునత్తయ్యా, అబ్బాయి రాయిలా ఉంటాడు" అని చెప్పాను.

వేలి సంగతి అయ్యాక మేడమ్ మళ్లీ తిండి దగ్గరికొచ్చింది. కాగితం మీద లెక్క వేసి చూపించింది. 49 కిలోల్లో కొవ్వు తీసేస్తే సుమారు 40 కిలోలు. ఆ 40 కిలోల్లో ప్రతి కిలోకీ రోజుకి 45 కేలరీల చొప్పున 1800. ప్రాక్టీసు ఖర్చు 400. మొత్తం 2200. నేను తింటున్నది ఎంత సాగదీసినా 1200. అందులో ప్రాక్టీసుకి 400 పోతే మిగిలేది 800, కిలోకి 20. "ముప్ఫైకి దిగువన ఎక్కువ రోజులుంటే ఒళ్లు ఖర్చులు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది" అంది. ఆ ముప్ఫై అందరికీ ఒకేలా వర్తించే గీత కాదట, మనిషిని బట్టి అటూ ఇటూ అవుతుందట. "జీతం సగానికి కోస్తే మీరు ముందు ఏం ఆపుతారు? అద్దె, కరెంటు ఆపరు. ఇంటికి సున్నం వేయించడం, పగిలిన గచ్చు బాగు చేయించడం ఆపుతారు. ఒళ్లూ అంతే. గుండె ఆగదు. మరమ్మతులు ఆగుతాయి."

తర్వాత గొంతు తగ్గించి, "నెలసరి?" అని అడిగింది.

నాలుగు నెలలుగా రాలేదు. నేను దాన్ని అదృష్టమనుకున్నాను. రాళ్ల మీద ఆ నాలుగు రోజులూ ఎంత ఇబ్బందో ఆడవాళ్లకి తెలుసు, మైళ్ల దూరంలో బాత్రూమ్ ఉండదు. పీడ విరగడైందని అమ్మకి కూడా చెప్పలేదు. మేడమ్ ముఖంలో మాత్రం నవ్వు లేదు. లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లాకే మళ్లీ రమ్మంది. ఆవిడ గర్భం, థైరాయిడ్, పీసీఓఎస్ ఒక్కోటీ కాదని తేల్చుకుని, రక్తపరీక్షలో ఐరన్ నిల్వలూ విటమిన్ డీ తక్కువున్నాయని చెప్పి, మందుల కంటే ముందు అన్నం తినమంది. నెలసరి ఆగడమంటే ఈస్ట్రోజెన్ తగ్గడం, అది తగ్గితే ఎముకలు గుల్లబారతాయి, ముప్ఫైల్లో పోయింది యాభైలో కనపడుతుందని చెప్పింది. ఆడేదానికి తగ్గంత తిండి లేక వచ్చే ఈ మొత్తం పరిస్థితికి రెడ్-ఎస్ అని పేరుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో పెట్టిన పేరు. మగవాళ్లకీ వస్తుంది, కాకపోతే వాళ్లకి నెలనెలా గుర్తు చేసే గంట లేదు. 2023లో ప్రపంచ క్లైంబింగ్ సమాఖ్య వైద్య సంఘం నుంచి ఇద్దరు డాక్టర్లు రాజీనామా చేశారు, పోటీల్లో మరీ బక్కచిక్కిన ఆటగాళ్ల విషయంలో సమాఖ్య సరిగా పట్టించుకోవడం లేదని. ఆ వార్త అప్పట్లో నేనూ చదివాను. చదివి, నాకు కాదులే అనుకున్నాను.

ఆకలి వల్లే నా వేలు తెగిందని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పను. కాలు జారింది, చేతులు వేడెక్కలేదు, రోజూ వేలాడాను. కానీ రోజూ పడే చిన్న చిన్న చిరుగుల్ని రాత్రి నిద్రలో కుట్టుకోవడానికి దారం ఇవ్వనిది మాత్రం నేనే.

జనవరిలో ఇంటి నుంచి పని చేస్తానని చెప్పి నెల రోజులకి భువనగిరి వెళ్లిపోయాను. అమ్మకి అరకొరగా చెప్పాను, వేలి సంగతీ బరువు సంగతీ. మిగతాది తనే కనుక్కుంది, ఎలాగో అడగొద్దు. మర్నాడు పొద్దున నాన్న నాలుగు మేక కాళ్లు తెచ్చాడు, కాల్చి గీకినవి. అమ్మ ముక్కలు కొట్టించినవాటిని పసుపేసి కడిగి, మిరియాలు, ధనియాలు, అల్లం వెల్లుల్లి నూరి వేసి కుక్కర్‌లో పెట్టింది. మూత తీస్తే వంటిల్లంతా కమ్మటి వాసన. "బొక్క ఇరిగినోళ్లకు మా నాయనమ్మ గిదే పోసేది. తాగు. మాట్లాడకు" అంది. నాది బొక్క కాదు, పట్టీ అని చెబుదామనుకుని ఊరుకున్నాను.

మిగిలిన శోర్వా ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి గడ్డకట్టింది. గిన్నె వంచినా కారలేదు, గరిటెతో కొడితే వణికింది. అదే జెలటిన్. ఫోన్‌లో మేడమ్‌కి చెప్తే నవ్వి, 2017లో వచ్చిన ఒక అధ్యయనం గురించి చెప్పింది. ఎనిమిది మంది కుర్రాళ్లకి 15 గ్రాముల జెలటిన్‌ని విటమిన్ సీతో కలిపి ఇచ్చి, గంట తర్వాత ఆరు నిమిషాలు తాడాట ఆడిస్తే, కొల్లాజెన్ తయారవుతోందని చూపించే గుర్తు ఒకటి వాళ్ల రక్తంలో రెట్టింపైంది. గుర్తు పెరిగిందంతే, తెగిన పుల్లీ అతుక్కుందని కాదు. పైగా అమ్మ గిన్నెలో ఎన్ని గ్రాములుందో ఎవరు తూచారు? "తాగితే పోయేదేం లేదు, నిమ్మకాయ పిండుకోండి, వేలి వ్యాయామానికి గంట ముందు తాగండి. కానీ దీన్ని ప్రోటీన్ లెక్కలో వేయకండి" అంది. జెలటిన్‌లో ఒంటికి కావాల్సిన అమైనో ఆమ్లాలు అన్నీ ఉండవట, ట్రిప్టోఫాన్ అసలు లేదట.

ప్రోటీన్ లెక్క వేరే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు చాలు. గాయం మానాలి, కండ నిలబడాలి కాబట్టి నాకు కిలోకి 1.6 చెప్పారు. అంటే రోజుకి దాదాపు 80 గ్రాములు. పొడి డబ్బా కొందామనుకున్నాను, అమ్మ వంటగది చూశాక అక్కర్లేకపోయింది. మూడు గుడ్లు 18. యాభై గ్రాముల మీల్ మేకర్ కూర 26. రెండు పూటల్లో కలిపి అరవై గ్రాముల కందిపప్పు 13. గడ్డ పెరుగు రెండు కప్పులు 10. గుప్పెడు పల్లీలు 7. మిగతాది అన్నం, జొన్నరొట్టెల్లోనే వచ్చేస్తుంది. చికెన్ వండిన రోజు మీల్ మేకర్ బంద్. చెప్పుకోడానికి తేలికే, తినడం కష్టమైంది. నెలల తరబడి ఎండగట్టిన కడుపు రెండో రొట్టెకే నిండిపోయేది. అద్దంలో బుగ్గలు కనపడుతుంటే ఒకరోజు ఏడ్చాను కూడా. ఆ భాగం వేలి కంటే నెమ్మదిగా మానింది.

వేలికి పని చెప్పడం మూడో వారం చివర్లో మొదలైంది. ఊరికే కట్టి ఉంచితే టెండన్ బలపడదు, కొద్దికొద్దిగా లాగాలి. మా వీధి వడ్రంగి దగ్గర టేకు ముక్క తీసుకుని 20 మిల్లీమీటర్ల అంచు చెక్కించుకున్నాను, అంచు గుండ్రంగా వచ్చేదాకా గరుకు కాగితంతో నేనే రుద్దాను. దానికి తాడు కట్టి, తాడుకి గుడ్డసంచీ తగిలించి, సంచీలో కిలో కిలో ఉప్పు ప్యాకెట్లు. ఎయిర్‌పోర్టుకి పోయేవాళ్లు సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసుతో ముందు తూకం చూసుకోవడం, వేళ్లు చాచి పట్టుకుని సంచీని నేల మీది నుంచి అంగుళం లేపడం, ఏడు సెకన్లు ఉంచడం, దించడం. ఆరు సార్లు. రెండు రోజులకోసారి. పదిలో రెండు దాకా నొప్పి పరవాలేదు. అంతకు మించినా, మర్నాడు పొద్దున వేలు బిర్రుగా ఉన్నా బరువు తగ్గించాలి. నా నోట్‌బుక్‌లో మొదటి వారం 3 కిలోలు, 3, 4. రెండో వారం 4, 5, 5. కుడిచేత్తో సరదాకి ఎత్తితే 28. ఎడమ దానికి 5. ఉప్పు ప్యాకెట్లతో తగవు పెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మడిచే కండలే కాదు, వేళ్లు విచ్చే కండలూ పనిచేయాలి. బియ్యంలో చెయ్యి దూర్చి పిడికిలి విప్పడం, మూయడం అందరూ చెప్పే వ్యాయామం. బియ్యం డబ్బా మూత తీసి మోచేతి దాకా దూర్చానో లేదో అమ్మ పట్టుకుంది.

"ఏందే గది? బియ్యంల చెయ్యి వెట్టి ఏం పిసుకుతున్నవ్?"

"వ్యాయామమే అమ్మా, డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మ ఇంట్ల పిసుక్కోమను. అన్నపూర్ణమ్మను గట్ల చేస్తరా ఎవరన్న?"

చివరికి కోళ్లకి పోసే నూకలు ఒక బకెట్‌లో పోసిచ్చింది. పది నిమిషాలయ్యేసరికి ముంజేయి పైభాగం మండిపోయేది. మా కోళ్లకి మాత్రం నచ్చలేదు, బకెట్ చుట్టూ తిరుగుతూ నన్ను అనుమానంగా చూసేవి. నూకలు దొరకనివాళ్లకి రబ్బరుబ్యాండు చాలు. అయిదు వేళ్ల చుట్టూ వేసుకుని విచ్చడమే. ఆఫీసు మీటింగుల్లో బల్ల కింద ఇప్పటికీ చేస్తుంటాను.

ఏడో వారం వాల్‌కి వెళ్లాను, పెద్ద పెద్ద పట్టులు మాత్రమే పట్టుకోవాలన్న షరతు మీద. వేలికి హెచ్ ఆకారంలో టేపు. పది సెంటీమీటర్ల పట్టీని రెండు చివర్ల నుంచీ నిలువునా చీల్చి మధ్యలో సెంటీమీటరు వదిలేస్తే హెచ్ వస్తుంది. ఆ మధ్య ముక్క కణుపు లోపలివైపు ఆనాలి, రెండు చీలికలు కణుపుకి పైన, వేలు మడిచి రెండు చీలికలు కింద చుట్టాలి. మొదట్లో వంకరటింకరగా వచ్చేది. రెండు వారాలు బుద్ధిగా ఉన్నాను. తర్వాతొక సాయంత్రం పక్కవాళ్లంతా ఒక ప్రాబ్లెమ్ దగ్గర ఊగిపోతుంటే, ఒక్కసారే కదా అని వెళ్లి చిన్న అంచుని పట్టేసుకున్నాను. చప్పుడు రాలేదు. మర్నాడు వేలు మాత్రం వాచింది. నోట్‌బుక్‌లో 11 దాకా వచ్చిన అంకె మళ్లీ 6కి దిగింది. ఆ పేజీలో నా చేతిరాతలో ఒక బూతు ఉంది, ఇక్కడ రాయను.

ఏప్రిల్ చివరికి ఎడమచెయ్యి 22 దాటింది. మేలో నెలసరి వచ్చింది. ఆఫీసు బాత్రూమ్‌లో నిలబడి ఫిజియో మేడమ్‌కి మెసేజ్ పెట్టాను, ఆవిడ జవాబుగా లడ్డూ బొమ్మ పంపింది. అప్పటికి నా బరువు 54.

ఇప్పుడు ఎక్కడం వారానికి మూడు రోజులు, వరసగా రెండు రోజులు ఎప్పుడూ కాదు. హ్యాంగ్‌బోర్డు వారానికి రెండుసార్లు, సగం మడిచిన వేళ్లతో, బొటనవేలి తాళం లేకుండా. వేలాట పది సెకన్లు, విరామం మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలే నాకు కష్టం. ఎక్కే ముందు ఇరవై నిమిషాలు భుజాలు తిప్పడం, తేలిక ప్రాబ్లెమ్‌ల మీద తిరగడం. వంద కదలికలైనా అయితే తప్ప చిన్న అంచు ముట్టుకోవద్దని మేడమ్ మాట. అంతకు గంటన్నర ముందు ఇడ్లీలో, అటుకుల ఉప్మానో. రాళ్ల దగ్గరికి డబ్బాలో దద్దోజనం, సంచీలో అరటిపళ్లు, పల్లిపట్టీ. నన్ను చూసి మా గుంపులో ఇద్దరు అమ్మాయిలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు మాది క్లైంబింగో వనభోజనమో తెలీదు.

ఇంకో మాట. వాల్‌లో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు నాకంటే బాగా ఎక్కుతున్నారు. వాళ్లకి పుల్లీల కంటే ముందు దెబ్బతినేది మధ్య కణుపు దగ్గర ఇంకా ఎదుగుతున్న ఎముక భాగం. అలాంటి పిల్ల ఎవరైనా "కణుపు నొప్పి" అంటే టేపు చుట్టి మళ్లీ ఎక్కించే తల్లిదండ్రుల్ని చూశాను. ఆ వయసులో అది డాక్టరుకి చూపించాల్సిన నొప్పి. ఎముక ఎదుగుదల ఆగేదాకా హ్యాంగ్‌బోర్డు బరువులు వాళ్లకి వద్దు.

మొన్న డిసెంబర్‌లో ఆ బండ దగ్గరికే వెళ్లాం. చేతులు వేడి చేసుకునేసరికి ఎనిమిదైంది, రాయి మీద సగం ఎండ. పల్లీ గింజ లాంటి పలుకు అక్కడే ఉంది. క్రింప్ లేకుండా వేళ్లు చాచి పట్టుకుంటే రెండు సెకన్లు నిలిచింది. కుడిపాదాన్ని ఇంకాస్త పైన ఒక గుంటలో పెడితే ఆ చేతి మీద భారం తగ్గుతుందని కింద నుంచి ఎవరో అన్నారు. నిజమే, ఏడాది క్రితం ఆ గుంట నేను చూడనే లేదు. ఆరుసార్లు పడ్డాను. ఏడోసారి చర్మం చిట్లేలా అనిపించి ఆపేసి దద్దోజనం తిన్నాను. ఆ ప్రాబ్లెమ్ ఇంకా నాకు రాలేదు.

వేలు బాగానే ఉంది కానీ మొదలు దగ్గర లావుగానే మిగిలిపోయింది. సంక్రాంతికి ఇంటికి పోతే, బీటెక్ అయినప్పుడు అమ్మ చేయించిన ఉంగరం కణుపు దాటి దిగలేదు. అమ్మ వెంటనే నన్ను అవుసులాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన సైజు కడ్డీకి ఉంగరం తొడిగి, నా వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, అరచేతిలోని కాయలు చూసి, "ఏం పని చేస్తవ్ బిడ్డా?" అన్నాడు.

"కంప్యూటర్ పని" అంది అమ్మ, నేను నోరు తెరవకముందే.

ఆయన నమ్మినట్టు లేదు. ఉంగరాన్ని వెనక వైపు కోసి, పావు గ్రాము బంగారం కలిపి అతికి ఇచ్చాడు. ఎక్కే రోజు తీసి అమ్మ ఇచ్చిన కుంకుమభరిణెలో పెట్టి పోతున్నాను.